దండెంలో దాగిన ఏంటెన్నా, పాసంగం చూడని మీటరు

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఎవరి చేతికీ అందనంత ఎత్తులో ఒక పాత దండెం ఉండేది. నా హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే రేడియో స్టేషన్) ఏంటెన్నా కోసం ఇనప పైపు నిలబెట్టుకుంటానని అడిగితే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోలేదు. బిల్డింగ్ అందం పోతుందని ఒకరు, పిడుగులు పడతాయని ఇంకొకరు. తీగ గురించి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అందుకని ఆ దండేనికి ఉన్న జీఐ తీగ విప్పేసి, రెండు చివర్లా నైలాన్ తాడు ముక్కలు కట్టి, మధ్యలో పది మీటర్ల ఇంటి వైరింగ్ తీగ లాగాను. 14 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండ్‌లో అర తరంగం పొడవు దాదాపు అంతే. ఒక కొసన ప్లాస్టిక్ డబ్బాలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అక్కణ్నుంచి 20 మీటర్ల కోయాక్స్ కేబుల్ కిందికి దిగి మూడో అంతస్తులో నా రేడియోకి చేరుతుంది.

మొదటి ఏడాది బాగా పనిచేసింది. రెండో వర్షాకాలం దాటాక పిలిస్తే పలికేవాళ్లు తగ్గిపోయారు. మీటరు చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 1.3. అంతకన్నా మంచి అంకె ఎవరూ ఆశించరు. నెల రోజులు రేడియోని అనుమానించాను, మైకుని అనుమానించాను, దూరపు సిగ్నళ్లను ప్రభావితం చేసే సూర్యుడి మచ్చలను కూడా అనుమానించాను. చివరికి అనలైజర్ (ఏంటెన్నాని కొలిచే చేతి మీటరు) పట్టుకుని టెర్రస్ ఎక్కి, కేబుల్ విప్పేసి, డబ్బా దగ్గరే కొలిచాను. అక్కడ 2.4 వచ్చింది.

అంటే ఏంటెన్నాలో ఏదో చెడింది. కేబుల్ కూడా నీళ్లు తాగింది. ఈ రెండు తప్పులూ కలిసి కింద 1.3 అనే అందమైన అంకెగా కనబడుతున్నాయి. లెక్క వేస్తే కేబుల్ ఒక్కటే 5 డెసిబెల్స్ మింగుతోందని తేలింది. నేను వేసే పవర్‌లో మూడో వంతు కూడా పైకి చేరడం లేదు.

అప్పటి నుంచి నాకు ఒక విషయం మీద పట్టుదల వచ్చింది. దాచి కట్టిన ఏంటెన్నాలో తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి. ఆ అనుమానం తీరాలంటే చేతిలో ఉన్న అనలైజర్ నిజం చెప్పేదై ఉండాలి. కాలిబ్రేషన్ (మీటరుని తెలిసిన వస్తువులతో సరిచేసుకోవడం), దాగిన ఏంటెన్నా అనే రెండు విషయాలను విడివిడిగా చెబుతుంటారు కానీ, నా అనుభవంలో ఒకటి లేకుండా రెండోది అర్థం కాదు.

ఆ అంకె ఏం చెబుతుంది

రేడియో తన ముందు 50 ఓమ్‌ల లోడ్ ఉంటుందని ఆశిస్తుంది. ఎదురుగా ఉన్నది 50 కాకపోతే పంపిన పవర్‌లో కొంత వెనక్కి వస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ చెప్పేది ఆ వెనక్కి వచ్చే వాటా గురించే. 1.5 అయితే 4 శాతం, 2 అయితే 11 శాతం, 3 అయితే 25 శాతం తిరిగొస్తుంది. తిరిగి రాని మిగతాదంతా ఆకాశంలోకి వెళ్లిందని ఆ అంకె ఎక్కడా చెప్పదు. 50 ఓమ్‌ల రెసిస్టర్‌ని కనెక్టర్‌కి తగిలిస్తే ఎస్‌డబ్ల్యూఆర్ 1.0 వస్తుంది. పవర్ అంతా వేడిగా మారిపోతుంది, పక్క వీధిలో కూడా వినపడం.

కేబుల్ నష్టం ఇంకా పెద్ద మాయ చేస్తుంది. ఆర్‌జీ-58 కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర వంద మీటర్లకు సుమారు 20 డెసిబెల్స్ తినేస్తుంది. 20 మీటర్ల ముక్క తీసుకుని, అవతలి కొసన ఏమీ తగిలించకుండా గాలికి వదిలేసి, ఇవతలి కొసన కొలవండి. ఏంటెన్నాయే లేదు కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ అనంతం చూపించాలి. మీటరు మాత్రం 2.3 దగ్గర చూపిస్తుంది. వెళ్లేటప్పుడు 4 డెసిబెల్స్, వచ్చేటప్పుడు 4 డెసిబెల్స్ కేబుల్‌లోనే కరిగిపోవడం వల్ల తిరిగొచ్చిన అల చిన్నదిగా కనిపిస్తుంది. "2.3 అంటే ఫర్వాలేదు, కొంచెం తీగ కత్తిరిస్తే సరిపోతుంది" అనుకుని టెర్రస్ ఎక్కేవాళ్లు ఉంటారు. పైన కత్తిరించడానికి తీగే ఉండదు!

తక్కెడ, రాళ్లు

కూరగాయల సంతలో తక్కెడ పట్టుకున్నవాళ్లు ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపిస్తారు. ఒక పక్కకి ఒరిగితే రెండో పక్క చిన్న రాయో చింతగింజో కట్టి సరిచేస్తారు. అదే పాసంగం. ఏంటెన్నా అనలైజర్ కాలిబ్రేషన్ కూడా సరిగ్గా పాసంగం చూసుకోవడమే. తేడా ఏమిటంటే, ఈ తక్కెడ ఒక్క వైపు కాకుండా మూడు రకాలుగా ఒరుగుతుంది.

అనలైజర్ ఒక అలను పంపి, తిరిగొచ్చిన అలను దానితో పోల్చి చూస్తుంది. పంపేటప్పుడే కొంచెం పక్క దారిలో లీకై నేరుగా కొలిచే భాగంలోకి చేరుతుంది. ఇది మొదటి తప్పు. తిరిగొచ్చిన అలలో కొంత మీటరు ముఖానికే తగిలి మళ్లీ ఏంటెన్నా వైపు వెళ్లిపోతుంది. ఇది రెండోది. లోపలి తీగలు, కనెక్టర్లు అల బలాన్నీ ఫేజ్‌నీ (అల ఎంత ముందు వెనకలుగా ఉందో) కొంచెం మార్చేస్తాయి. ఇది మూడోది. తెలియనివి మూడు కాబట్టి, విలువ ముందే తెలిసిన మూడు వస్తువులు కావాలి. ఓపెన్ (లోపల ఏమీ కలపనిది), షార్ట్ (రెండు కొసలూ నేరుగా కలిపినది), 50 ఓమ్‌ల లోడ్ అనే మూడు చిన్న మూతలు అనలైజర్‌తో పాటు వచ్చేది అందుకే. ఒక్కోటీ తగిలించినప్పుడు ఏం కనిపించాలో మీటరుకి ముందే తెలుసు. కనిపించిన దానికీ, కనిపించాల్సిన దానికీ మధ్య తేడా పట్టుకుని, ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా ఆ మూడు తప్పులనూ విడదీసి పక్కన రాసుకుంటుంది.

ఈ పని ఇప్పుడు ప్రతి హామ్ చేతికీ వచ్చిందంటే కారణం నానోవీఎన్‌ఏ. జపాన్‌లో ఒక అభిరుచి గల ఇంజనీరు కిట్‌గా తయారుచేసిన డిజైన్ అది. 2019లో చైనా తయారీదారుల చేతిలో పడి ప్రపంచమంతా పాకింది. అరచేతిలో పట్టేంత పరికరం, 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ దాకా కొలుస్తుంది. అంతకుముందు ఇలాంటి పరికరాలు ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉండేవి. మనవాళ్లలో చాలామంది వాడింది ఎంఎఫ్‌జే-259బి లాంటి అనలైజర్లు. వాటిలో డయోడ్లతో కొలిచే బ్రిడ్జి ఉంటుంది, మెనూలో కాలిబ్రేషన్ అనేది ఉండదు. లోపలి ప్రీసెట్లు (సరిచేసే చిన్న మరలు) తిప్పి, తెలిసిన రెసిస్టర్లతో సరిచూసుకోవడమే వాటికి కాలిబ్రేషన్. పైగా రియాక్టెన్స్ (లోడ్‌లో రెసిస్టెన్స్ కాని భాగం) ఎంతో చెబుతాయి తప్ప అది ఇండక్టివా (మామూలుగా తీగ పొడవు ఎక్కువైతే ఇలా ఉంటుంది) కెపాసిటివా (తక్కువైతే ఇలా) చెప్పవు. దగ్గర్లో బలమైన మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంటే ఆ సిగ్నల్‌నే తిరిగొచ్చిన అల అనుకుని తికమక పడతాయి.

నానోవీఎన్‌ఏతో వచ్చే మొదటి పొరపాటు స్పాన్ (ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా కొలవాలన్నది) గురించి. మొదటి తరం పరికరం ఒక స్వీప్‌లో 101 చోట్ల మాత్రమే కొలుస్తుంది. పెట్టెలోంచి తీసినట్టే 900 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ పెడితే ఒక బిందువుకీ ఇంకో బిందువుకీ మధ్య 9 మెగాహెర్ట్జ్ దూరం. మన 40 మీటర్ల బ్యాండ్ మొత్తం 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. అందులో ఒక్క బిందువు కూడా పడకపోవచ్చు. అందుకని ముందు కావలసిన స్పాన్ పెట్టుకోవాలి, తర్వాత పాత కాలిబ్రేషన్ రీసెట్ చేయాలి, ఆ తర్వాతే మూడు మూతలూ తగిలించి కాలిబ్రేట్ చేసి సేవ్ చేయాలి. సేవ్ మర్చిపోతే ఆఫ్ చేయగానే అంతా పోతుంది. కాలిబ్రేట్ చేశాక స్పాన్ మారిస్తే మీటరు పాత లెక్కలను సాగదీసి అంచనా వేస్తుంది. తెర పక్కన పెద్ద సీ అక్షరం చిన్న సీగా మారిందంటే అర్థం అదే.

రెండో పొరపాటు నన్ను చాలాకాలం మోసం చేసింది. కాలిబ్రేషన్ పూర్తికాగానే లోడ్ మూత మళ్లీ పెట్టి చూస్తాం. స్మిత్ చార్ట్ (లోడ్ ఎలాంటిదో చుక్కగా చూపే గుండ్రటి పటం) నడిమధ్యన చుక్క, ఎస్‌డబ్ల్యూఆర్ 1.00. ఓపెన్ పెడితే కుడి అంచు, షార్ట్ పెడితే ఎడమ అంచు. అంతా సరిగ్గా ఉందని తృప్తి పడతాం. అది పరీక్షే కాదు. ఆ లోడ్ నిజానికి 56 ఓమ్‌లైనా మీటరు దాన్నే 50 అని నమ్మింది కాబట్టి 1.00 అనే చూపిస్తుంది. తక్కువ తూగే రాయితో తూకం వేసి, అదే రాయితో సరిచూసుకున్నట్టు.

సరిచూసుకోవడానికి కాలిబ్రేషన్‌లో వాడని వేరే రాయి కావాలి. 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ 2.0 రావాలి. 25 ఓమ్‌లు పెట్టినా 2.0 రావాలి, కాకపోతే స్మిత్ చార్ట్ మీద అటు వైపు. 150 పెడితే 3.0. ఈ మూడూ సరిపోతే మీ మీటరు మాట నమ్మొచ్చు. వీటిని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఒక శాతం టాలరెన్స్ ఉన్న చిప్ రెసిస్టర్లు అడగండి. రెండు 100 ఓమ్‌ల చిప్‌లను కనెక్టర్ వెనక చెరో పక్క టంకం పెడితే 50 ఓమ్‌ల లోడ్ తయారు. ముందు మంచి మల్టీమీటర్‌తో డీసీ రెసిస్టెన్స్ చూసుకోవాలి.

కాళ్లున్న మామూలు రెసిస్టర్ పనికిరాదా అంటే, ఎక్కడ కొలుస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు కాళ్లూ కలిపి రెండు సెంటీమీటర్ల తీగ ఉంటే సుమారు 20 నానోహెన్రీల ఇండక్టెన్స్. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఒక ఓమ్ కన్నా తక్కువ, పట్టించుకోనక్కర్లేదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 18 ఓమ్‌లు. అసలైన 50 ఓమ్‌ల రెసిస్టర్ అక్కడ 1.4 ఎస్‌డబ్ల్యూఆర్‌తో కనిపిస్తుంది. దాన్నే లోడ్ అని చెప్పి కాలిబ్రేట్ చేస్తే ఆ వంకర మీరు కొలిచే ప్రతి ఏంటెన్నాకీ అంటుకుంటుంది.

ఇక పాసంగం ఎక్కడ చూస్తున్నామన్నది. మీటరు నోటి దగ్గర కాలిబ్రేట్ చేసి, దానికి ఐదు సెంటీమీటర్ల అడాప్టర్ తగిలిస్తే, 7 మెగాహెర్ట్జ్ దగ్గర స్మిత్ చార్ట్ మీద చుక్క ఒక డిగ్రీ తిరుగుతుంది. 435 మెగాహెర్ట్జ్ దగ్గర 75 డిగ్రీలు తిరిగిపోతుంది. ఇండక్టివ్‌గా ఉన్నది కెపాసిటివ్‌గా కనిపించవచ్చు. తీగ పెంచాల్సిన చోట కత్తిరిస్తాం. అందుకే అడాప్టర్లన్నీ తగిలించాక, ఏంటెన్నా కనెక్టర్ ఎక్కడ కలుస్తుందో సరిగ్గా అక్కడే మూతలు పెట్టి కాలిబ్రేట్ చేయాలి. హెచ్‌ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ లోపు) ఇంకో అడుగు ముందుకు వేయొచ్చు. మూతలు జేబులో వేసుకుని టెర్రస్ ఎక్కి, కేబుల్ పై కొసకే తగిలించి, కింద ఇంకొకరు మీటరు నొక్కితే, కేబుల్ మొత్తం లెక్కలోంచి తప్పుకుంటుంది. గదిలో కూర్చునే డబ్బా దగ్గరి నిజం చూడొచ్చు. మా అబ్బాయి ఫోన్‌లో "షార్ట్ పెట్టు నాన్నా, ఇప్పుడు లోడ్" అని చెబుతుంటే నేను పైన మూతలు మార్చేవాణ్ని. మిట్టమధ్యాహ్నం ఎండలో చేయకండి. పరికరం వేడెక్కేకొద్దీ పాసంగం కదులుతుంది, తెర కూడా కనపడదు.

కంటపడని ఏంటెన్నాలు

రేడియో వాళ్లు వీటిని స్టెల్త్ ఏంటెన్నాలంటారు. ఆ మాట ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది ఉండే కాలనీల్లో ఇంటి యజమానుల సంఘాలదే రాజ్యం. గోడ రంగు మార్చాలన్నా అనుమతి కావాలి. 1985లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ స్థానిక ప్రభుత్వాలు హామ్ ఏంటెన్నాలను పూర్తిగా అడ్డుకోకూడదని చెప్పింది. కానీ ఇల్లు కొనేటప్పుడు సంతకం పెట్టే ప్రైవేటు ఒప్పందాలకు అది వర్తించదు. 1996లో వచ్చిన ఇంకో నియమం డిష్ ఏంటెన్నాలకు రక్షణ ఇచ్చింది, హామ్ ఏంటెన్నాలకు ఇవ్వలేదు. దాంతో అటకల్లో డైపోల్‌లు (మధ్యలో పవర్ ఇచ్చే రెండు తీగల ఏంటెన్నాలు), వాన నీటి గొట్టాలనే ఏంటెన్నాగా వాడటం, జెండా కర్ర లోపల నిలువు తీగ దాచడం మొదలయ్యాయి. సొంత ఇంటి మీద జాతీయ జెండా ఎగరేయడాన్ని సంఘాలు నిషేధించకూడదని 2006లో అక్కడ చట్టం కూడా వచ్చింది కాబట్టి జెండా కర్ర మంచి ముసుగు.

ఆ జెండా కర్ర నుంచే ఒక పాఠం నేర్చుకోవాలి. పావు తరంగం పొడవున్న నిలువు ఏంటెన్నా, కింద నేల పరిపూర్ణంగా ఉంటే, 36 ఓమ్‌లు చూపిస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ దాదాపు 1.4. నేలలో నాలుగు రేడియల్ తీగలే (ఏంటెన్నా అడుగు నుంచి చుట్టూ వెళ్లేవి) పరిచి వదిలేస్తే మట్టి నష్టం 14 ఓమ్‌లు కలిసి మొత్తం 50 అయిందనుకోండి. మీటరు 1.0 చూపిస్తుంది! యజమాని సంబరపడతాడు. అక్కడ పవర్‌లో 28 శాతం వానపాములను వెచ్చబెడుతోంది. ఇంకో ముప్పై రేడియల్స్ పాతితే ఏంటెన్నా మెరుగవుతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం 1.4 వైపు పెరుగుతుంది. అంకె పెరగడం మంచి కబురయ్యే సందర్భం ఇది. మీటరుని నమ్మగలిగితేనే ఆ తేడా మనకి కనిపిస్తుంది.

మన ఊళ్లలో పదార్థాలకు కొదవ లేదు. మోటారు వైండింగ్ షాపులో 26 గేజ్ ఎనామెల్ తీగ తూకానికి ఇస్తారు. అర మిల్లీమీటరు కూడా ఉండదు, పది అడుగుల దూరంలో కంటికి ఆనదు. కాకపోతే సంక్రాంతి నాడు గాలిపటాల మాంజా దాన్ని కోసేస్తుంది, రెండుసార్లు నాకు జరిగింది. ఇంటి వైరింగ్ తీగ 90 మీటర్ల చుట్టలో దొరుకుతుంది, కొంచెం కనిపిస్తుంది కానీ ఏళ్లు నిలుస్తుంది. పైన ప్లాస్టిక్ తొడుగు ఉండటం వల్ల లెక్క కన్నా రెండు నుంచి ఐదు శాతం దాకా పొట్టిగా ఉండాల్సి వస్తుంది. ముందు పొడవుగానే కట్టి, కొలుస్తూ మడవండి. కత్తిరించిన తీగ తిరిగి పెరగదు.

దండెం ఏంటెన్నాకి కొస నుంచి పవర్ ఇవ్వడం సులువు, మధ్యలో కేబుల్ వేలాడదు. కాకపోతే అర తరంగం తీగ కొసన ఇంపెడెన్స్ (రేడియో పవర్‌కి ఎదురుగా కనిపించే ఓమ్‌లు) రెండు మూడు వేల ఓమ్‌లు ఉంటుంది. ఫెర్రైట్ రింగ్ మీద 2 చుట్లు ఒక వైపు, 14 చుట్లు ఇంకో వైపు ఉండేలా ట్రాన్స్‌ఫార్మర్ చుడితే చుట్ల నిష్పత్తి 7, ఇంపెడెన్స్ నిష్పత్తి 49. అంటే 2450 ఓమ్‌లు 50గా కనిపిస్తాయి. తీగ కట్టకముందే ఈ డబ్బాని బల్ల మీద పరీక్షించాలి. పెద్ద వైపు 2.4 కిలోఓమ్‌ల రెసిస్టర్ కట్టి అనలైజర్‌తో చూస్తే కావలసిన బ్యాండ్‌లో 1.5 లోపు రావాలి. అది సరిపోయిందంటే సగమే గెలిచినట్టు. రింగ్ వేడెక్కి నష్టపోయినా ఎస్‌డబ్ల్యూఆర్ బాగానే కనిపించవచ్చు. ఒకే రకం డబ్బాలు రెండు చేసి, పెద్ద వైపులను ఒకదానికొకటి కలిపి, నానోవీఎన్‌ఏ రెండు పోర్టుల మధ్య పెట్టి ఎంత పోతోందో చూడండి. వచ్చిన డెసిబెల్స్‌లో సగం ఒక్కో డబ్బా నష్టం.

టెర్రస్ కూడా దొరకనివాళ్లకు బాల్కనీలో లూప్. ఏసీ మెకానిక్‌ల దగ్గర దొరికే మెత్తటి రాగి గొట్టాన్ని ఒక మీటరు వ్యాసం ఉన్న వలయంగా వంచి, రెండు కొసల మధ్య వేరియబుల్ కెపాసిటర్ పెడితే ఏంటెన్నా అవుతుంది. చూసేవాళ్లకి తోరణం చట్రంలా ఉంటుంది. ఇక్కడ లెక్కలు ఆసక్తిగా ఉంటాయి, కొంచెం ఓపిక పట్టండి. 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ లూప్ నిజంగా ఆకాశంలోకి పంపే పవర్‌కి సమానమైన రెసిస్టెన్స్ 0.095 ఓమ్ మాత్రమే. పది మిల్లీమీటర్ల రాగి గొట్టం తన సొంత నష్టంగా తినేది కూడా దాదాపు అంతే, 0.096. అంటే అంతా కుదిరితే సగం పవర్ బయటికి వెళ్తుంది. చిన్న ఏంటెన్నాకి అది గొప్ప ఫలితం. అదే లూప్‌ని 7 మెగాహెర్ట్జ్‌కి ట్యూన్ చేస్తే పంపే రెసిస్టెన్స్ పదహారో వంతుకి పడిపోయి 0.006 అవుతుంది, గొట్టం నష్టం 0.068 ఉంటుంది. బయటికి వెళ్లేది 8 శాతం. రెండు చోట్లా ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 తెచ్చుకోవచ్చు. అంకె ఒకటే, ఏంటెన్నాలు రెండు.

మరి నష్టం ఎంతో మీటరు చెప్పలేదా? బ్యాండ్‌విడ్త్ (ఎంత వెడల్పు ఫ్రీక్వెన్సీలో అంకె బాగుంటుందో) చూస్తే చెబుతుంది. పైన చెప్పిన లూప్ 14 మెగాహెర్ట్జ్ దగ్గర బాగా కుదిరితే ఎస్‌డబ్ల్యూఆర్ 2.6 చూపించే రెండు బిందువుల మధ్య దూరం కేవలం 10 కిలోహెర్ట్జ్. మీ లూప్‌లో ఆ దూరం 40 కిలోహెర్ట్జ్ వచ్చిందనుకోండి. వెడల్పుగా ఉంది, తిప్పుకోనక్కర్లేదని సంతోషించవద్దు. మొత్తం రెసిస్టెన్స్ నాలుగింతలైంది, కెపాసిటర్ కొసల్లో టంకం సరిగా లేదో, స్క్రూ జాయింట్ పట్టు తప్పిందో చూడాలి. పవర్‌లో 12 శాతమే బయటికి పోతోంది. ఈ పది కిలోహెర్ట్జ్ లోయని పట్టుకోవాలంటే స్పాన్ వంద కిలోహెర్ట్జ్‌కి కుదించి, అక్కడే మళ్లీ కాలిబ్రేట్ చేయాలి.

ఈ లూప్ కెపాసిటర్ మీద 10 వాట్లకే రెండున్నర వేల వోల్టులు దాటుతాయి, 100 వాట్లకు ఎనిమిది వేలు. పిల్లల చేతికి అందే చోట పెట్టకూడదు, ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు దాని పక్కన కూర్చోకూడదు. దాగిన ఏంటెన్నాలన్నీ మనుషులకు దగ్గరగా ఉంటాయి కాబట్టి 5, 10 వాట్లతో సరిపెట్టుకోవడం మంచిది. కరెంటు తీగలు వెళ్లే వైపు ఏ పరిస్థితిలోనూ తీగ విసరవద్దు. మన వీధుల్లో 11 కేవీ లైన్లు బాల్కనీలకు ఎంత దగ్గరగా వెళ్తాయో అందరికీ తెలిసిందే. ఏంటెన్నా దాగి ఉండొచ్చు, స్టేషన్ దాగకూడదు. టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ ఇచ్చే లైసెన్సు, కాల్‌సైన్ ఉన్నాకే ఇదంతా. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో లాంటి చోట పరీక్ష గురించి అడగొచ్చు.

బాల్కనీలో కొలిచేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. కేబుల్‌ని చేత్తో పట్టుకోగానే అంకెలు మారిపోతాయి. కేబుల్ పై తొడుగు కూడా ఏంటెన్నాలో భాగమైపోయిందని దానర్థం. అలా ఉన్నప్పుడు ఎంత బాగా కాలిబ్రేట్ చేసినా కొలిచేది ఏంటెన్నాని కాదు, ఏంటెన్నా ప్లస్ కేబుల్ ప్లస్ మీ ఒళ్లు. ఫెర్రైట్ రింగ్ మీద కేబుల్‌ని పది పన్నెండు చుట్లు చుడితే ఆ దారి మూసుకుపోతుంది. మీటరుని కూడా బ్యాటరీ మీదే నడపాలి. ఛార్జర్‌కో, ప్లగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కో తగిలించి కొలిస్తే ఇంటి ఎర్తింగ్ అంతా ఏంటెన్నాకి తోక అవుతుంది. కొలిచేటప్పుడు పక్క ఏంటెన్నాలో ఎవరూ ట్రాన్స్‌మిట్ చేయకుండా చూసుకోండి, ఆ చిన్న చిప్‌లు తట్టుకోలేవు.

ఇంత చేసినా అనలైజర్ చెప్పలేనిది ఒకటి మిగులుతుంది, సిగ్నల్ ఎక్కడ వినపడుతోందన్నది. దానికి విస్పర్ ఉంది. 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జోసెఫ్ టేలర్ 2008లో తెచ్చిన పద్ధతి ఇది. రెండు నిమిషాలకు కాస్త తక్కువ సేపు, చాలా తక్కువ పవర్‌తో, మీ కాల్‌సైన్, మీరున్న చోటు పంపుతుంది. ప్రపంచం నలుమూలలా ఉన్న రిసీవర్లు ఎంత బలంగా విన్నాయో డెసిబెల్స్‌లో నమోదు చేస్తాయి. ఒక్క రోజు ఫలితం చూసి తీర్పు చెప్పకూడదు, వారం రోజులు నడపాలి.

మా దండెం దగ్గరికి వస్తే, డబ్బా విప్పి చూశాను. తీగ కలిసే బోల్టు తుప్పు పట్టి పచ్చబడింది. బోల్టు మార్చి, తీగ కొస పది సెంటీమీటర్లు మడిచాక డబ్బా దగ్గర 1.4 వచ్చింది. కేబుల్ మొత్తం మార్చి, కనెక్టర్ల మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాను. కిందికి దిగి గదిలో మీటరు తగిలిస్తే 1.3. నెల రోజులు నన్ను మోసం చేసిన అంకే మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రం విస్పర్ పెడితే ఇటలీ, జపాన్, ఆస్ట్రేలియా రిసీవర్లలో నా కాల్‌సైన్ కనిపించింది. నోటుబుక్కులో ఇప్పుడు 1.3 పక్కన ఇంకో గడి గీసుకున్నాను. వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి టెర్రస్ ఎక్కి, డబ్బా దగ్గర కొలిచిన అంకె అందులో రాస్తాను.